బీరువాలో పెట్టిన గాలి మిషను



గురక పెట్టి పడుకున్న మనిషిని చూసి "అదృష్టవంతుడు, హాయిగా నిద్రపోతున్నాడు" అనుకోవడం మనకు అలవాటు. కుంభకర్ణుడనీ, రైలింజననీ వేళాకోళం చేస్తాం. పెళ్ళికి వెళ్ళినచోట ఆయన పడుకున్న గదిలోంచి పిల్లలు దిండ్లు పట్టుకుని వరండాలోకి వచ్చేస్తే ఇంటిల్లిపాదీ నవ్వుకుంటాం. ఆ నవ్వుల్లో ఒక సంగతిని ఎవరూ పట్టించుకోరు. ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి అర నిమిషం పైన గదిలో చప్పుడుండదు. తర్వాత గొంతులో అడ్డేదో తీసేసినట్టు పెద్ద శబ్దంతో ఊపిరి అందుకుంటాడు. ఈ మధ్యలో ఏం జరిగిందో ఆయనకు తెలియదు. పక్కన పడుకున్న ఇల్లాలికి తెలుసు. ఆమె లేచి కూర్చుని, ఛాతీ కదులుతోందా లేదా అని చీకట్లో చూస్తూ ఉంటుంది.

డాక్టర్లు దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. అంటే నిద్రలో ఊపిరి ఆగడం. నిద్రపట్టగానే గొంతులోని కండరాలు సడలిపోతాయి, నాలుక వెనక్కి జారుతుంది, గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది కానీ గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు మెదడు ఉలిక్కిపడి మనిషిని పై పైన లేపుతుంది, దారి తెరుచుకుంటుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది, బి.పి. పెరుగుతుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. ఊపిరి కనీసం పది సెకన్లు ఆగినా, బాగా తగ్గిపోయి ఆక్సిజన్ పడిపోయినా లెక్కలోకి తీసుకుంటారు. అలా గంటకు 5 నుంచి 15 సార్లయితే జబ్బు తక్కువగా ఉన్నట్టు, 15 నుంచి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకు ముప్ఫై అంటే ప్రతి రెండు నిమిషాలకూ ఒకసారి. ఏడు గంటల నిద్రలో రెండు వందల పైచిలుకు సార్లు. అంతసేపు పడుకుని లేచిన మనిషి పొద్దున్నే రాత్రంతా బస్తాలు మోసినవాడిలా ఎందుకుంటాడో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

జబ్బును వివరించడం ఒక్కటే ఈసారి మా ఉద్దేశం కాదు. దానికి ఇచ్చే గాలి మిషను గురించి మా అభిప్రాయం గట్టిగా చెప్పదలచుకున్నాం. పరీక్ష చేయించుకుని, డబ్బు పోసి మిషను కొనుక్కుని వెళ్ళినవారిలో కొందరు కొన్ని నెలల తర్వాత బి.పి.కో కాళ్ళ వాపుకో మళ్ళీ వస్తారు. "మిషను వాడుతున్నారా?" అని అడిగితే ఆయన తల దించుకుంటారు. ఆమె చెబుతుంది: "బీరువాలో ఉందండీ." ఆ మిషను బీరువాలోకి వెళ్ళడానికి మాస్కు సరిపోకపోవడం ఒక కారణమైతే, ఆ ఇంట్లో, ఆ సంఘంలో దాన్ని చూసే చూపు అంతకంటే పెద్ద కారణమని మా నమ్మకం.

ముందు భయం సంగతి. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ మన ఇళ్ళలో ఎంతమందిని తీసుకుపోయిందో వేరే చెప్పనక్కర్లేదు. ముఖానికి మాస్కు, దానికో గొట్టం, పక్కనే ఒక యంత్రం ఉన్న దృశ్యం ఆనాటి నుంచి మన కళ్ళలో ఉండిపోయింది. అందుకే ఈ మిషను ఇంటికి తెచ్చిన రోజునే చుట్టుపక్కలవాళ్ళు "వెంటిలేటర్ పెట్టారటగా" అని పరామర్శకు వచ్చేస్తారు. ఇది వెంటిలేటరు కాదు, ఆక్సిజన్ సిలిండరూ కాదు. మన గదిలో ఉన్న గాలినే వడగట్టి, కొంచెం ఒత్తిడితో ముక్కులోకి పంపిస్తుంది. ఆ గాలి ఒత్తిడికి గొంతు గోడలు మూసుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి. ఊపిరి తీసుకునేది మనమే, వదిలేదీ మనమే. గాలి బుడగ ఊదితే విచ్చుకుని నిలబడుతుంది చూడండి, అదే సూత్రం. డాక్టర్లు సీప్యాప్ అంటారు. మా పేషెంట్లు గాలి మిషను అంటారు, మాకూ ఆ మాటే బాగుంది. ("మిషన్ ఆస్పత్రివాళ్ళు మిషను ఇచ్చారు" అని ఒక పెద్దాయన అంటే ఆయన మనవరాలికి నవ్వాగలేదు.)

ఈ మిషను పుట్టుక గురించి కూడా తెలుసుకోవాలి. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సల్లివాన్ అనే డాక్టరు, ఇల్లు ఊడ్చే వాక్యూం క్లీనరు మోటారుతో మొదటి మిషను తయారుచేశారు. ఐదుగురు రోగులకు దాన్ని వాడి చూసి, 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు ఈ జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ఉన్న ఖాయమైన వైద్యం ఒక్కటే. గొంతు ముందు భాగంలో రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రాత్రిళ్ళు దాని గుండా ఊపిరి తీసుకోమనేవారు. కోత లేకుండా, మందు లేకుండా, నెత్తురు చుక్క కారకుండా అదే పని చేసిపెట్టే వస్తువు ఈనాడు మన మంచం పక్కన బల్ల మీదికి వచ్చింది. అలాంటి దాన్ని దుప్పట్ల కింద దాచిపెట్టడం చూస్తే మాకు బాధ కలుగుతుంది.

దాచిపెట్టడానికి రెండో కారణం సిగ్గు. ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన అమ్మాయి ఉంటుంది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళ కంట మిషను పడితే ఏమనుకుంటారో! అల్లుడుగారు పండక్కి వస్తే ఏమనుకుంటారో! పెళ్ళికొడుక్కే ఈ జబ్బుంటే ఇక చెప్పనే అక్కర్లేదు, పెళ్ళి అయ్యేదాకా మిషను మాట ఎత్తరు. పెళ్ళయిన మొదటి వారంలోనే ఆ అమ్మాయి భయపడిపోయి పుట్టింటికి ఫోను చేస్తుంది. దాచినందువల్ల రెండు కుటుంబాలకీ ఏం మిగిలింది? ముందే చెప్పి ఉంటే, మిషను పెట్టుకుని పడుకునే భర్త పక్కన ఆ అమ్మాయి నిశ్చింతగా నిద్రపోయేది. గురక ఉండదు కాబట్టి ఆమె నిద్రా చెడదు. సంబంధాల దగ్గర షుగరు, బి.పి. ఉన్నాయని చెప్పేవాళ్ళు ఈ రోజుల్లో కనబడుతున్నారు. దీన్నీ ఆ వరసలోనే చెప్పాలని మేమంటాం.

మగవారి సిగ్గు ఒక రకమైతే ఆడవారి మౌనం మరో రకం. ఆడవాళ్ళకు గురక ఉందంటే ఇంట్లోవాళ్ళే ఒప్పుకోరు, ఆమె అసలు చెప్పుకోదు. నీరసమనీ, నిద్ర పట్టదనీ, తలనొప్పనీ వస్తుంది. రక్తం తక్కువేమోనని టానిక్కు తాగుతుంది. ముట్లు ఆగిపోయిన వయసు తర్వాత ఆడవారిలో ఈ జబ్బు బాగా పెరుగుతుంది. భార్య ఊపిరి ఆగుతోందా అని మేలుకుని చూసే భర్తలు మన ఇళ్ళలో తక్కువ. వాళ్ళు ముందే నిద్రపోతారు మరి. అందుకని ఇంట్లో కోడలో కూతురో ఒక రాత్రి అమ్మ పక్కన పడుకుని గమనించాలి. సన్నగా ఉన్నాం కదా మాకు రాదనుకునేవారికి కూడా ఒక మాట. లావు పెద్ద కారణమే, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. కానీ కింది దవడ చిన్నగా, వెనక్కి ఉన్నవారికి ఒళ్ళు లేకపోయినా వస్తుంది.

ఇంకా కొన్ని గుర్తులు వేరే జబ్బుల ఖాతాలో పడిపోతుంటాయి. రాత్రి మూడు నాలుగుసార్లు ఒంటేలుకు లేస్తే షుగరు అనుకుంటారు. పొద్దున్నే తల బరువుగా ఉంటే కళ్ళజోడు మార్చాలంటారు. మూడు రకాల బిళ్ళలు వేసినా బి.పి. దిగకపోతే మందులు మంచివి కావంటారు. మతిమరుపు, చీటికీ మాటికీ చిరాకు వస్తే వయసు మీదపడిందంటారు. వీటి వెనక గురక కూడా ఉంటే ఒకసారి నిద్ర పరీక్ష చేయించుకోవడం మంచిది. తలకు, ఛాతీకి తీగలు అంటించి, వేలికి క్లిప్పు పెట్టి ఒక రాత్రి పడుకోబెట్టే పరీక్ష అది. ఇప్పుడు చాలామందికి ఇంట్లోనే చేసే చిన్న మిషన్లు కూడా ఉన్నాయి.

ఇక మా సంఘ కుటుంబాలతో మొహమాటం లేకుండా మాట్లాడాల్సిన విషయం. ఆదివారం ఆరాధనలో ప్రసంగం మొదలైన ఐదు నిమిషాలకే తల వాల్చేసే సహోదరుడు ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. ఆయన్ని సోమరి అంటారు, ఆత్మలో చల్లారిపోయాడంటారు. సామెతల గ్రంథంలోని చీమను ఆయనకే చూపిస్తారు. అపొస్తలుల కార్యముల గ్రంథంలో త్రోయ అనే పట్టణంలో ఐతుకు అనే యువకుడి సంగతి మీకు తెలిసిందే. పౌలుగారు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఆ అబ్బాయి నిద్ర ఆపుకోలేక మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఆ కథను మన సంఘాల్లో నవ్వించడానికి చెబుతారు గానీ, పౌలుగారు అతన్ని ఒక్క మాట కూడా అనలేదు, ప్రసంగం ఆపి కిందికి దిగి వెళ్ళారు. ఐతుకుకు ఈ జబ్బుందని మేమనడం లేదు. ఎదురుగా కూర్చుని నిద్రపోయేవాణ్ణి మందలించే ముందు, "బాబూ, రాత్రి నీకు సరిగ్గా నిద్ర పడుతోందా?" అని అడిగే పెద్దలు కావాలంటున్నాం. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, బస్సులో, భోజనం చేశాక ఊరికే కూర్చున్నప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో ఎంత నిద్ర వస్తుందో అడిగి మార్కులు వేసే ప్రశ్నల కాగితం ఒకటి ప్రపంచమంతా డాక్టర్లు వాడుతున్నారు. 1991లో తయారైన ఆ కాగితంలో సోమరితనం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు.

స్టీరింగు పట్టుకునే సహోదరుల విషయంలో ఇది హాస్యం కాదు. లారీ, బస్సు, ఆటో, స్కూలు వ్యాను, ఏది నడిపేవారైనా సరే, రెప్పపాటు నిద్ర చాలు. ఉద్యోగం పోతుందని వాళ్ళు చెప్పరు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. మిషను సరిగ్గా వాడితే పగటి నిద్ర చాలామందిలో కొద్ది రోజుల్లోనే బాగా తగ్గుతుంది, బండి మళ్ళీ నడుపుకోవచ్చు. డాక్టరు సరేననేవరకూ మాత్రం తాళాలు ఇంకొకరి చేతికి ఇవ్వాలి. ఈ విషయంలో మేము ఎవరికీ మినహాయింపు ఇవ్వం.

అన్నిటికంటే మెల్లిగా, జాగ్రత్తగా చెప్పాల్సిన మాట ఒకటుంది. స్వస్థత కూడికల్లో ప్రార్థన చేయించుకుని, "నాకు నయమైంది" అని సాక్ష్యం చెప్పి, ఆ రాత్రి నుంచి మిషను పక్కన పెట్టేసినవారు మా దగ్గరకు వస్తుంటారు. మళ్ళీ పెట్టుకుంటే విశ్వాసం లేనట్టేమోనని వారి భయం. మేము ప్రార్థనను నమ్మే ఆస్పత్రివాళ్ళం. 1883లో గుంటూరుకు వచ్చి వైద్యం మొదలుపెట్టిన డాక్టర్ అన్నా కూగ్లర్‌గారి కాలం నుంచీ మన ప్రాంతంలోని మిషన్ ఆస్పత్రుల్లో ప్రార్థన, మందు ఒకే కప్పు కింద ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని వాక్యం చదివే పాస్టరుగారిని విశ్వాసం లేనివాడని ఎవరూ అనరు కదా! రాత్రి పెట్టుకునే మాస్కు కూడా అలాంటి వస్తువే. కళ్ళజోడు తీసేస్తే అక్షరాలు ఎలా మసకబారతాయో, మాస్కు తీసేస్తే గొంతు అలా మూసుకుంటుంది. నయమైందని ఎవరికైనా నమ్మకం కలిగితే సంతోషం, మళ్ళీ పరీక్ష చేద్దాం రండి. శుద్ధుడైన కుష్ఠరోగిని కూడా ప్రభువు యాజకుడి దగ్గరకు వెళ్ళి చూపించుకోమన్నారు. పరీక్షలో బాగుందని తేలితే మిషను తీసేయమని మేమే చెబుతాం. తేలకముందే తీసేయమని సలహా ఇచ్చేవారు, అర్ధరాత్రి ఆ ఇంట్లో మేలుకుని కూర్చునేది తాము కాదని గుర్తుంచుకోవాలి.

ఈ జబ్బు ప్రాణం మీదికి వస్తుందా అని అడుగుతారు. 2022 ఫిబ్రవరి 15 రాత్రి ముంబయిలో కన్నుమూసిన సంగీత దర్శకుడు బప్పీ లహరి పేరు మీకు గుర్తుండే ఉంటుంది. మన తెలుగులో "సింహాసనం", "గ్యాంగ్ లీడర్" సినిమాలకు పాటలు కట్టినాయన. ఇతర జబ్బులతో పాటు స్లీప్ ఆప్నియా కూడా ఉందని, మరణానికి అదే కారణమని ఆయన్ను చూసిన ఆస్పత్రి డాక్టరు ప్రకటించారు. అందరికీ అలా జరుగుతుందని బెదిరించడానికి ఇది రాయడం లేదు. ఈ జబ్బున్నవారిలో బి.పి., పక్షవాతం, గుండె లయ తప్పడం ఎక్కువగా కనబడతాయన్నది మాత్రం నిజం.

మిషను వాడితే ఇవన్నీ ఆగిపోతాయా? ఇక్కడ మేము ఉన్నదున్నట్టు చెప్పాలి. 2016లో ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో ఉన్న 2,700 మందికి పైగా రోగులను కొన్నేళ్ళు గమనించారు. మిషను ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ గుండెపోటు, పక్షవాతం లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కొందరు ఆ వార్త చూసి మిషను దండగ అన్నారు. అదే పరిశోధనలో, మిషను ఇచ్చినవారు దాన్ని సగటున రాత్రికి మూడు గంటల ఇరవై నిమిషాలే పెట్టుకున్నారని కూడా ఉంది. బి.పి. బిళ్ళ సగం విరిచి వేసుకుని పనిచేయలేదంటే ఎలా? అంతమాత్రం వాడకానికే వారికి పగటి నిద్ర తగ్గింది, మనసు కుదుటపడింది. కాబట్టి మిషను గుండెకు తాయెత్తు అని మేము చెప్పం. నిద్ర, మెలకువ, మాట, పని, ఇంట్లో మనశ్శాంతి, వీటిని అది తిరిగి ఇస్తుంది, ఎన్ని గంటలు పెట్టుకుంటే అంత. రాత్రికి నాలుగు గంటలన్నది డాక్టర్లు కనీసంగా పెట్టుకున్న లెక్క. పడుకున్నంతసేపూ పెట్టుకోవడమే అసలు వాడకం. తెల్లవారుజామున వచ్చే కలల నిద్రలోనే చాలామందికి ఊపిరి ఎక్కువ ఆగుతుంది, మాస్కు తీసి పక్కన పడేసేదీ ఆ వేళకే.

అంతసేపు పెట్టుకోవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే మిషను ఇచ్చేరోజు పేషెంటు ఒక్కరే రావద్దు, ఆ గదిలో పడుకునేవారిని వెంట తీసుకురండి. మాస్కు ఎలా తగిలించాలో వారూ నేర్చుకోవాలి. నిద్రలో మాస్కు జారితే సర్దే చెయ్యి వారిదే. మొదటివారం రాత్రికి రాత్రి ఏడు గంటలు పెట్టుకోవాలని చూడకండి. సాయంత్రం టీవీ ముందు కూర్చుని అరగంట, మర్నాడు గంట, అలా మెలకువలో అలవాటు చేసుకుంటే ముఖం ఒప్పుకుంటుంది. ఒత్తిడి మొదట తక్కువగా మొదలై నెమ్మదిగా పెరిగేలా మిషనులో ఏర్పాటు ఉంటుంది, దాన్ని పెట్టించుకోండి. ఈ దశలో ఇంట్లో ఎవరూ ఏనుగు తొండమనీ, విమానం నడుపుతున్నావనీ హాస్యమాడకూడదు. మీకది ఒక్క మాట. ఆయనకు అది మిషను తీసేయడానికి దొరికిన సాకు.

మాస్కు సైజు చాలా ముఖ్యం. ముక్కు మీద పెట్టేవి, ముక్కు రంధ్రాల దగ్గర ఆనేవి, ముక్కూ నోరూ కప్పేవి, మూడు రకాలుంటాయి. నోరు తెరిచి పడుకునేవారికి మొదటి రెండూ ఒక్కోసారి కుదరవు, గాలి నోట్లోంచి పోయి పొద్దుటికి నాలుక పిడచగట్టుకుపోతుంది. గుబురు మీసం ఉన్నవారికి పక్కల నుంచి గాలి కారుతుంది. మీసం తీసేయమని ఎవరినీ బలవంతపెట్టం, మాస్కు మార్చి చూస్తాం. పట్టీలు బిగించి బిగించి ముక్కు దూలం మీద పుండు చేసుకునేవారున్నారు. ఒక వేలు దూరేంత వదులుంటే చాలు. ముఖానికి నూనె, క్రీము రాసుకుని మాస్కు పెట్టకండి, జారిపోతుంది. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి మందు వేయించుకోండి. మాస్కు మెత్తని భాగాన్ని రోజూ గోరువెచ్చని నీళ్ళలో మామూలు సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టాలి. డెట్టాలు వద్దు. గొట్టం వారానికోసారి కడగాలి. మన ఊళ్ళలో దుమ్ము ఎక్కువ కాబట్టి వడపోత బిళ్ళను తరచుగా చూడాలి. నీళ్ళ డబ్బా ఉన్న మిషనైతే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కుళాయి నీళ్ళు పోస్తే తెల్లగా పొర కడుతుంది.

కరెంటు పోతే ఊపిరాడదేమోనని భయపడేవారు చాలామంది. ముక్కు మాస్కయితే నోరు ఖాళీగానే ఉంటుంది, ముక్కూ నోరూ కప్పే మాస్కుకు మిషను ఆగగానే బయటి గాలి లోపలికి వచ్చే చిన్న తలుపు ఉంటుంది. తీసి పక్కన పెట్టి, పక్కకు తిరిగి పడుకోండి. ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో ఫ్యానుతో పాటు ఈ ప్లగ్గు కూడా దానికి కలపమని ఎలక్ట్రీషియనుకు చెప్పండి.

డబ్బు సంగతి మాకు తెలియనిది కాదు. పదుల వేల రూపాయల వస్తువు. ఖర్చు తప్పించుకోవడానికి చనిపోయిన బంధువు మిషనో, మానేసిన పక్కింటాయన మిషనో తెచ్చుకుంటారు. ఒత్తిడి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, 4 నుంచి 20 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పాత మిషను తెచ్చుకుంటే మా దగ్గరకు పట్టుకురండి, మీ పరీక్ష కాగితం చూసి ఒత్తిడి మార్చుకోవచ్చు. మాస్కు మాత్రం కొత్తది కొనాల్సిందే. 2021 జూన్‌లో ఒక పెద్ద విదేశీ కంపెనీ తన పాత మోడళ్ళను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన స్పాంజి అరిగిపోయి రేణువులు గాలిలోకి రావచ్చని తేలింది. చేతులు మారిన మిషన్లలో అలాంటివి ఇంకా తిరుగుతూ ఉండవచ్చు కాబట్టి నంబరు చూపించకుండా వాడకండి. సంఘంలో కుట్టు మిషన్లు, చక్రాల కుర్చీలు దానమిచ్చే దాతలున్నారు. ఏటా ఒక గాలి మిషను ఇవ్వడం గురించి కూడా వారు ఆలోచించాలని కోరుతున్నాం.

జీవితాంతం ఇదేనా అని అడిగేవారికి అవుననీ కాదనీ ఒకేమాటలో చెప్పలేం. బరువు పదో వంతు తగ్గితే ఊపిరి ఆగే లెక్క సుమారు నాలుగో వంతు తగ్గుతుందని 2000 నాటి పరిశోధన ఒకటి చెప్పింది. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం, ఊబకాయంతో పాటు ఈ జబ్బు ఉన్న పెద్దవారికి టిర్జెపటైడ్ అనే ఇంజెక్షనును అనుమతించింది. ఖరీదైన మందు, డాక్టరు చూసి రాయాల్సిన మందు. తాగుడు, నిద్రమాత్రలు గొంతును ఇంకా సడలిస్తాయి, వాటిని మానాలి. పిల్లల్లో గురకైతే చాలాసార్లు టాన్సిల్స్, అడినాయిడ్స్ కారణం, ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించండి, వారి వైద్యం వేరు.

పాస్టరుగార్లకు, స్త్రీల సమాజం పెద్దలకు ఒక చిన్న మనవి. రిట్రీట్లకు, కన్వెన్షన్లకు పడక ఏర్పాట్లు చేసేటప్పుడు గోడ పక్కన ప్లగ్గు ఉన్న చోటు రెండు మూడు ఇలాంటివారికి ఉంచండి. అందరి మధ్యా మిషను తీయడానికి మొహమాటపడి, మూడు రోజులు మానేసి, ఇంటికొచ్చాక మళ్ళీ మొదలుపెట్టనివారు ఎందరో. మీరే ముందుగా "మీ మిషను తెచ్చుకున్నారా, ఇదిగో ప్లగ్గు" అంటే ఆ మొహమాటం అక్కడితో పోతుంది. ఆల్‌నైట్ ప్రార్థనకు వచ్చినవారు పగలు పడుకున్నా మిషను పెట్టుకునే పడుకోవాలి.

చివరగా, ఏ ఆపరేషనుకైనా, చిన్నదైనా సరే, ఆస్పత్రిలో చేరేటప్పుడు ఈ జబ్బున్న సంగతి మత్తు డాక్టరుగారికి ముందే చెప్పండి. మత్తు మందు తర్వాతి గంటల్లో గొంతు మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. ఫ్లాస్కు, దుప్పటి, చీటీల ఫైలుతో పాటు మిషను కూడా సంచిలో పెట్టుకుని రండి. వార్డులో సిస్టరుగారు ప్లగ్గు చూపిస్తారు. మాస్కు సరిపోవడం లేదని చూపించుకోవడానికి వచ్చేవారు ఓ.పి. వరుసలో నిలబడనక్కర్లేదు, నేరుగా ఛాతీ విభాగానికి రండి. వచ్చేటప్పుడు రాత్రి పక్కన పడుకునేవారిని వెంటబెట్టుకు రావడం మరచిపోకండి.